విదేశీ మిషనరీ సేవ: వెళ్లేవారి కంటే ముందు పంపేవారు సిద్ధం కావాలి

పామర్రు సెంటర్లో నాలుగు దారులు కలుస్తాయి. ఒకటి విజయవాడకు, ఒకటి బందరుకు, ఒకటి గుడివాడ మీదుగా భీమవరం వైపు, మరొకటి కూచిపూడి, చల్లపల్లి మీదుగా దివిసీమకు పోతుంది. ఈ దారుల పక్క ఊళ్ల నుంచి చదువు కోసం అమెరికాకు, పని కోసం కువైట్‌కు, దుబాయ్‌కి వెళ్లడం కొత్త సంగతి కాదు. ఇప్పుడు ఇక్కడి క్రైస్తవ సంఘాల్లో మరో రకం ప్రయాణం గురించి కూడా అడుగుతున్నారు. ‘ఫలానా దేశంలో సేవకు పిలుపు వచ్చింది, కుటుంబంతో సహా వెళ్లాలి, ఏం చేయాలి?’ అన్నది ఆ ప్రశ్న.

దీనికి ఆత్మీయమైన జవాబు ప్రతి సంఘంలోనూ దొరుకుతుంది. ఆచరణకు పనికొచ్చే జవాబు అంత సులువుగా దొరకదు. వెళ్లేవారికి ఏయే పత్రాలు కావాలి, పంపే సంఘం ఏ బాధ్యత తీసుకోవాలి, డబ్బు ఏ దారిలో పోవాలి, వెళ్లిన దేశపు చట్టం ఏమంటుంది అన్న విషయాలను ఈ వ్యాసం వరుసగా చెబుతుంది.

అసలు ఏమిటీ సేవ?

పది రోజులు వెళ్లి సభల్లో మాట్లాడి రావడం వేరు. ఒక దేశంలో ఏళ్ల తరబడి కాపురం ఉండి సేవ చేయడం వేరు. ఈ రెండో దాన్నే దీర్ఘకాల మిషనరీ సేవ అంటారు. ఇందులో మూడు రకాలున్నాయి.

మొదటిది, విదేశంలో ఉన్న తెలుగువారి సంఘానికి కాపరిగా వెళ్లడం. భాష మనదే, మనుషులూ మనవారే. దేశం ఒక్కటే కొత్త. రెండోది, మరో భాష, మరో సంస్కృతి ఉన్న ప్రజల మధ్యకు వెళ్లడం. మూడోది, నర్సుగానో, ఉపాధ్యాయుడిగానో, ఇంజినీరుగానో జీతానికి పనిచేస్తూ ఖాళీ వేళల్లో సంఘానికి తోడ్పడటం. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టి బతుకుతూ బోధించాడని బైబిలు చెబుతుంది. ఆ పద్ధతికి నేటి రూపం ఇదే.

ఈ మూడింటికీ వీసా వేరు, ఖర్చు వేరు, తర్ఫీదు వేరు. తాము వెళ్లేది ఏ రకం సేవకో ముందే తేల్చుకోనివారు తర్వాత ప్రతి కార్యాలయంలోనూ చిక్కుపడతారు.

ఇప్పుడే ఎందుకు ఈ చర్చ?

కారణాలు రెండు. తెలుగువారు స్థిరపడిన చాలా దేశాల్లో తెలుగు ఆరాధనలు మొదలయ్యాయి. కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో అనేక భాషల సంఘాలు వంతులవారీగా కూడుకుంటాయి. అలాంటి చోట్ల కాపరుల అవసరం పెరిగింది. ఫోనులో ప్రసంగం విన్నవారు ఫోనులోనే ఆహ్వానం పంపుతున్నారు.

రెండో కారణం, చట్టాలు మారాయి. నేపాల్‌లో 2018 ఆగస్టు నుంచి కొత్త శిక్షాస్మృతి అమల్లో ఉంది. ముస్లిమేతరుల ప్రార్థనా స్థలాలను క్రమబద్ధం చేస్తూ యు.ఎ.ఇ. 2023లో ఒక ఫెడరల్ చట్టం తెచ్చింది. అనుమతి లేని చోట ఆరాధన నడపకూడదన్నది దాని సారం. పాతికేళ్ల క్రితం వెళ్లివచ్చిన పెద్దల అనుభవం ప్రార్థనకు, ధైర్యానికి పనికొస్తుంది. పత్రాలకు, చట్టాలకు అది చాలదు.

బందరు నేర్పిన పాఠం

ఈ ప్రాంతానికి విదేశీ మిషనరీ సేవ రెండు వైపుల నుంచీ తెలుసు. మిషనరీలు ఇక్కడికి వచ్చారు. తెలుగు నేల నుంచి మిషనరీలు వెళ్లారు కూడా.

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు ఇంగ్లండు యువకులు బందరు చేరారు. పంపింది చర్చి మిషనరీ సొసైటీ. తెలుగు ప్రాంతంలో పనిచేస్తున్న ఇంగ్లీషు ఉద్యోగులు కొందరు అప్పటికే చందాలు పోగుచేసి, మిషనరీలను పంపమని ఆ సొసైటీని అడిగి ఉన్నారు. అంటే పంపే సంస్థ, డబ్బు, పిలిచే మనుషులు అన్నీ ఓడ ఎక్కకముందే సిద్ధమయ్యాయి.

నోబుల్ వచ్చిన వెంటనే బడి పెట్టలేదు. రెండేళ్లపాటు తెలుగు నేర్చుకున్నారు. 1843 నవంబరులో బడి తెరిచారు. తర్వాత నోబుల్ కాలేజీగా పేరుపడింది అదే. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోవడంతో ఊళ్లో అలజడి రేగింది, తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. బడి దాదాపు ఖాళీ అయింది. అయినా అది మూతపడకపోవడానికి కారణం ఉంది. వెనక ఒక సంస్థ ఉంది, ఊళ్లో పదేళ్ల పరిచయం ఉంది.

ఫాక్స్ కథ వేరు. ఆయన ఊరూరా తిరిగి బోధించేవారు. ఇక్కడి ఎండకు ఆరోగ్యం చెడింది. భార్య ఎలిజబెత్ 1845లో చనిపోయారు. పిల్లల్ని ఇంగ్లండులో దిగబెట్టి మళ్లీ వచ్చారు గానీ నిలవలేకపోయారు. 1848లో, 31 ఏళ్ల వయసులో, స్వదేశంలో కన్నుమూశారు. నోబుల్ మాత్రం 24 ఏళ్లు ఇంటిముఖం చూడకుండా పనిచేసి 1865లో బందరులోనే చనిపోయారు.

ఇద్దరికీ భక్తి ఒకటే, పంపిన సంస్థ ఒకటే. ఒకరు పెళ్లి చేసుకోలేదు, ఒకచోట ఉండి బడి నడిపారు. మరొకరు కుటుంబంతో ఉంటూ ఎండలో తిరిగారు. పని స్వభావం, కుటుంబం, వాతావరణం మనిషిని ఎంతకాలం నిలబెడతాయన్నది ఈ రెండు జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

నెల్లూరు నుంచి నటాల్‌కు

ఇక తెలుగువారు పంపిన కథ. 1860 నుంచి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు గిరిమిట్ (నిర్ణీత ఏళ్లపాటు చేస్తామని రాసిచ్చే కూలి ఒప్పందం) మీద దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వెళ్లారు. చెరుకు, తేయాకు తోటల్లో పనిచేసిన వారిలో తెలుగువారు చాలామంది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ పనిచేసిన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల క్రైస్తవులు కూడా వారిలో ఉన్నారు. తమకొక బోధకుణ్ణి పంపమని వారు స్వదేశానికి కబురు చేశారు.

తెలుగు బాప్టిస్టు సంఘాలు తమ హోమ్ మిషన్ సొసైటీ ద్వారా 1903లో జాన్ రంగయ్యను కుటుంబంతో సహా పంపాయి. ఆయన నెల్లూరు బాప్టిస్టు మిషన్‌లో ఉపాధ్యాయుడు. ఆ ఏడాది డిసెంబరుకే కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగువారి సంఘం ఏర్పడింది. 1914లో నటాల్ ఇండియన్ బాప్టిస్ట్ అసోసియేషన్ వచ్చింది. 1915లో చనిపోయేదాకా రంగయ్య ఆ సేవలోనే ఉన్నారు.

అప్పుడూ వీసా లాంటి అడ్డు ఉంది. నటాల్ ప్రభుత్వం 1897లో ఒక వలస నియంత్రణ చట్టం చేసింది. కూలి ఒప్పందం లేకుండా వచ్చేవారు దరఖాస్తును ఏదో ఒక ఐరోపా భాషలో రాయగలగాలి. ఇంగ్లీషు తెలిసినవారికే ఆ తలుపు తెరుచుకునేది. వెళ్లాక చూస్తే, గడువు తీరిన కూలీల నెత్తిన ఏడాదికి మూడు పౌన్ల పన్ను ఉంది. అంత పేద సంఘం కాపరిని పూర్తిగా పోషించలేదు. అందుకే స్వదేశపు సొసైటీ అండ అవసరమైంది.

రంగయ్య విషయంలో నాలుగు సంగతులు కుదిరాయి. అక్కడివారు పిలిచారు. ఇక్కడి సంఘాలు పంపాయి. భాష కలిసింది. చేతిలో చదువు ఉంది. ఈ నాలుగింటిలో ఏది లోపించినా ఆ ప్రయాణం కష్టమయ్యేది. ఈనాటి సిద్ధపాటును కొలవడానికీ ఇవే నాలుగు కొలతలు.

పంపే సంఘం చేయాల్సిన మొదటి పని

‘విశ్వాసం మీద వెళ్తున్నాం, దేవుడే చూసుకుంటాడు’ అని బయల్దేరేవారు ఉన్నారు. ఆ విశ్వాసాన్ని తప్పుపట్టనక్కర్లేదు. కానీ పరాయి దేశంలో అద్దె ప్రతి నెలా కట్టాలి. ఆసుపత్రి బిల్లు ప్రార్థన కూటం వరకు ఆగదు.

ఇక్కడే డెల్టా సంఘాలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పల్లె సంఘం రాబడి పంటతో కలిసి నడుస్తుంది. ఊడ్పుల్లో, కోతల్లో కూలి దొరుకుతుంది. కోతల తర్వాత కానుకలు పెరుగుతాయి. మినుము తీత కూడా అయిపోయి, కాలువలు కట్టేసిన ఎండాకాలంలో అవే కానుకలు సన్నగిల్లుతాయి. విదేశంలో ఉన్న కుటుంబం ఖర్చుకు మాత్రం ఈ ఋతువులు తెలియవు. అది పన్నెండు నెలలూ ఒకేలా ఉంటుంది, పైగా డాలరు ధరతో పాటు పెరుగుతుంది.

కాబట్టి ఒక్క పల్లె సంఘం ఒక్క కుటుంబాన్ని పంపడం బరువైన పని. నాలుగైదు సంఘాలు కలవాలి. వాటిలో ఉద్యోగుల సంఘం ఒకటైనా ఉంటే మంచిది. ఆర్నెల్ల ఖర్చుకు సరిపడా నిల్వ ముందే పక్కన పెట్టాలి. నలుగురైదుగురు పెద్దలతో ఒక కమిటీ వేయాలి. అందులో లెక్కలు తెలిసినవారు ఒకరు, స్త్రీలు కనీసం ఒకరు ఉండాలి. మిషనరీ భార్య తన కష్టం చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి కదా.

ఆ కమిటీ, వెళ్లే కుటుంబం కలిసి ఒక ఒప్పందం రాసుకోవాలి. నెలకు ఎంత, ఎన్నేళ్లు, ఎన్నేళ్లకొకసారి సెలవు, జబ్బు చేస్తే ఎవరు భరిస్తారు, అక్కడి సంఘంతో తగాదా వస్తే ఎవరు తీరుస్తారు, మరణం సంభవిస్తే దేహాన్ని ఎవరు తెప్పిస్తారు అన్నవి అందులో ఉండాలి. చివరి మాట అశుభంగా అనిపించవచ్చు. గల్ఫ్ నుంచి శవపేటిక కోసం వారాల తరబడి ఎదురుచూసిన కుటుంబాలున్న నేల ఇది. దేహం తరలింపు ఖర్చు కూడా కలిసిన బీమా తీసుకోవడం వివేకం.

వీసా చెప్పేదే చేసే పని కావాలి

వీసా అంటే లోపలికి రానిచ్చే ముద్ర ఒక్కటే కాదు. వచ్చినవారు ఏ పని చేయవచ్చో కూడా అది చెబుతుంది. పర్యాటక వీసా మీద వెళ్లి ఏళ్ల తరబడి కాపరిగా ఉండిపోవడం, ఇంటి పని వీసా మీద వెళ్లి సంఘం నడపడం చట్టం ముందు నిలవవు. పట్టుబడితే తిప్పి పంపుతారు. కొన్ని దేశాలు మళ్లీ రానివ్వవు. ఆ నష్టం ఒక్కరితో ఆగదు. ఆశ్రయమిచ్చిన సంఘం మీద, స్పాన్సరు మీద కూడా పడుతుంది.

కొన్ని దేశాల పద్ధతులు చూద్దాం.

అమెరికాలో మతసేవకులకు ఆర్-1 అనే వీసా ఉంది. దీనికి ముందుగా దరఖాస్తు చేయాల్సింది అక్కడి సంఘం, వెళ్లే వ్యక్తి కాదు. వ్యక్తి అంతకుముందు కనీసం రెండేళ్లు అదే శాఖలో సభ్యుడై ఉండాలి. వారానికి సగటున 20 గంటలైనా పని ఉండాలి. మొదట 30 నెలల వరకు ఇస్తారు. మొత్తం అయిదేళ్లకు మించదు. సంఘం నిజంగా ఉందా, జీతం ఇవ్వగలదా అని అధికారులు స్వయంగా వచ్చి చూడవచ్చు.

బ్రిటన్‌లో కాపరుల కోసం వేరే వీసా ఉంది. దానికీ స్పాన్సరు సంఘం కావాలి, ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి. మన దేశం నుంచి ఆరు నెలలకు మించి ఉండటానికి వెళ్లేవారు క్షయ లేదని అక్కడి ప్రభుత్వం గుర్తించిన క్లినిక్‌లో పరీక్ష చేయించుకోవాలి.

గల్ఫ్ దేశాల తీరు వేరు. కువైట్‌లో, యు.ఎ.ఇ.లో అనుమతి ఉన్న ఆవరణల్లో విదేశీ క్రైస్తవులు ఆరాధించుకోవచ్చు. ముస్లింలకు సువార్త ప్రకటించడం నేరం. సౌదీ అరేబియాలో చర్చి భవనమే లేదు. గల్ఫ్‌కు తెలుగువారి మధ్య సేవకు వెళ్లేవారు ఎవరితో మాట్లాడవచ్చు, ఎక్కడ కూడవచ్చు అన్న హద్దులు తెలుసుకునే వెళ్లాలి.

నేపాల్ విషయంలో చాలామంది పొరబడతారు. అక్కడికి వెళ్లడానికి మనకు వీసా అక్కర్లేదు. అందుకే సులువనుకుంటారు. కానీ 2015 నాటి నేపాల్ రాజ్యాంగమే మతం మార్పించడాన్ని నిషేధించింది. శిక్షాస్మృతిలోని 158వ సెక్షను కింద అయిదేళ్ల వరకు జైలు, 50 వేల నేపాలీ రూపాయల వరకు జరిమానా పడవచ్చు. నేరం చేసింది విదేశీయులైతే, శిక్ష పూర్తయిన ఏడు రోజుల్లో దేశం దాటిస్తారు. సరిహద్దు తెరిచి ఉన్నంత మాత్రాన చట్టం సడలినట్టు కాదు.

ఇంకో హెచ్చరిక. ‘మిషనరీ వీసా ఇప్పిస్తాం, ఇన్ని లక్షలు కట్టండి’ అనే ఏజెంట్లు ఉన్నారు. పిలిచే సంఘం పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్, జీతం రాసిన ఉత్తరం చూపలేనివారు ఎంత భక్తిగా మాట్లాడినా వీసా ఇప్పించలేరు. ఉద్యోగం పేరుతో పంపే ఏజెంటు అయితే, కేంద్ర ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదయ్యారో లేదో చూడవచ్చు. తాడేపల్లిలోని ఏపీ ఎన్.ఆర్.టి. (ప్రవాస తెలుగువారి) సొసైటీని అడిగినా దారి చెబుతారు.

పత్రాల్లో వచ్చే చిక్కులు

మన ప్రాంతపు దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది నాలుగు చోట్ల.

మొదటిది పేరు. పదో తరగతి సర్టిఫికెట్లో వెంకటేశ్వరరావు, సంఘంలో జాన్ వెస్లీ. ఆర్డినేషన్ (కాపరిగా అభిషేకించే క్రమం) పత్రం రెండో పేరుతో ఉంటుంది. పాస్‌పోర్టు మొదటి పేరుతో ఉంటుంది. పరాయి దేశపు అధికారికి వీరిద్దరూ వేర్వేరు మనుషులు. పేరు మార్పును గెజిట్‌లో ప్రకటించి సరిచేసుకోవాలి, లేదా సంఘ పత్రాలను పాస్‌పోర్టు పేరుతో మళ్లీ రాయించుకోవాలి. ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉంటే పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి రాయించాలి. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారికి సందర్శక వీసాలు ఇవ్వబోమని 2022 నవంబరులో యు.ఎ.ఇ. ప్రకటించింది.

రెండోది పెళ్లి. భార్యను వెంట తీసుకెళ్లాలంటే వివాహ ధ్రువపత్రం కావాలి. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి జరిపించడానికి అధికారం ఉన్నవారు, అంటే చట్టం గుర్తించిన శాఖల గురువులో, ప్రభుత్వ లైసెన్సు పొందిన కాపరులో జరిపించాలి. అధికారం లేనివారు జరిపించిన పెళ్లికి సంఘం ఇచ్చే అందమైన పత్రం వీసా కార్యాలయంలో చెల్లకపోవచ్చు. పెళ్లినాటి కాపరికి లైసెన్సు ఉందో లేదో ఇప్పుడే కనుక్కోవడం మంచిది.

మూడోది కులపత్రం. ఇది సున్నితమైన విషయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా ఉంటుంది. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలను మన రాష్ట్రంలో బీసీ-సి గా గుర్తిస్తారు. ఒక దస్త్రంలో హిందువునని, మరో దస్త్రంలో పుట్టినప్పటి నుంచి సంఘ సభ్యుణ్ణని ఉంటే ఆ తేడా అక్కడా ఇక్కడా ప్రశ్నలకు తావిస్తుంది. ఈ చట్టం న్యాయమా అన్న చర్చ ఎన్నాళ్లుగానో నడుస్తోంది. ఆ చర్చ ఎలా ఉన్నా, దరఖాస్తులో రెండు నిజాలు రాయడానికి వీల్లేదు. సంతకం పెట్టేముందు న్యాయవాదిని అడగాలి.

నాలుగోది చదువు. సెరాంపూర్ సెనేట్ ఇచ్చే బి.డి. వంటి దైవశాస్త్ర పట్టాలకు చట్టబద్ధమైన పునాది ఉంది. హైదరాబాదులోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఆ సెనేట్ కింద చదువు చెబుతుంది. ఎక్కడో డబ్బు కట్టి తెచ్చుకున్న గౌరవ డాక్టరేటును దరఖాస్తులో రాస్తే లాభం లేదు, అనుమానం మాత్రం వస్తుంది.

పత్రాలు సరిపోయాక వాటికి అపోస్టిల్ (ఒక దేశం ఇచ్చిన పత్రాన్ని మరో దేశం నమ్మడానికి వేసే ప్రభుత్వ ముద్ర) వేయించాలి. ఈ ఒప్పందంలో భారత్ 2005 నుంచి ఉంది. రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ అయ్యాక విదేశాంగ శాఖ ముద్ర పడుతుంది. కువైట్, యు.ఎ.ఇ. వంటి ఒప్పందం బయటి దేశాలకైతే ఆ పైన వాటి రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. నేరచరిత్ర లేదని పోలీసు విచారణ తర్వాత పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పత్రం వేరు. దాన్నీ ముందే తీసుకోవాలి.

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టులో ‘ఎమిగ్రేషన్ చెక్ అవసరం’ అన్న గుర్తు ఉంటుంది. ఇలాంటివారు గల్ఫ్, మలేషియా సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. యాభై ఏళ్లు దాటినవారికి మాత్రం ఇది వర్తించదు.

డబ్బు పోయే దారి

విదేశాల నుంచి వచ్చే విరాళాలకు ఎఫ్.సి.ఆర్.ఎ. చట్టం ఉందని మన సంఘాలకు బాగా తెలుసు. ఇక్కడి నుంచి బయటికి పంపే డబ్బుకు వేరే నియమాలున్నాయన్నది అంతగా తెలియదు.

రిజర్వ్ బ్యాంకు పథకం కింద దేశంలో ఉండే ఒక వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు బయటికి పంపవచ్చు. ఈ వెసులుబాటు వ్యక్తులకే. ట్రస్టులకు, సంస్థలకు లేదు. వ్యక్తి పంపినా, చదువు, వైద్యం కాని ఖర్చులకు ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితే దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం పన్ను ముందుగా వసూలు చేస్తుంది. అది తర్వాత రిటర్నులో సర్దుబాటు అవుతుంది.

సంఘం ట్రస్టుగానో సొసైటీగానో నమోదై పన్ను మినహాయింపు పొందుతుంటే మరో సంగతి ఉంది. దేశం బయట చేసిన ఖర్చుకు, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, ఆ మినహాయింపు రాదు. కాబట్టి మొదటి రూపాయి పంపేముందే ఆడిటరుతో, బ్యాంకుతో మాట్లాడాలి. హవాలా జోలికి పోకూడదు. అది నేరం. ఇక్కడ తీర్చగల ఖర్చులు, అంటే తల్లిదండ్రుల మందులు, ఇంటి అద్దె, హాస్టల్లో చదివే పిల్లల ఫీజులు పంపే సంఘం ఇక్కడే తీర్చి, అక్కడి బతుకు ఖర్చును పిలిచిన సంఘం జీతంగా ఇచ్చేలా ఏర్పాటు చేసుకుంటే చాలా చిక్కులు తప్పుతాయి.

స్థిరంగా ఉండటానికి వెళ్లినవారు ఇక్కడి పొదుపు ఖాతాను ఎన్.ఆర్.ఒ. (ప్రవాసులు ఇక్కడి రాబడికి వాడే) ఖాతాగా మార్పించుకోవాలి. పొలమో, ఇంటి స్థలమో ఉంటే వెళ్లకముందే నమ్మకమైనవారికి జి.పి.ఎ. (తరఫున వ్యవహరించే అధికార పత్రం) రాసివ్వాలి. అక్కడి నుంచి పంపాలంటే కాన్సులేటు చుట్టూ తిరగాలి.

భాష, ఒళ్లు, ఇల్లు

రెండో రకం సేవకు, అంటే మరో భాషవారి మధ్యకు, వెళ్లేవారు మొదటి రెండేళ్లను భాషకే ఇవ్వాలి. నోబుల్ అలాగే చేశారు. తమిళుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య కూడా తెలుగు నేర్చుకునే దోర్నకల్‌లో పనిచేశారు. ఆయన 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఈ రెండేళ్లలో చెప్పుకోదగ్గ ఫలితం కనబడదు. నెలనెలా ‘ఎంతమంది వచ్చారు’ అని అడిగే కమిటీ మిషనరీని భాష మాన్పించి సభలు పెట్టిస్తుంది. అది తొందరపాటు.

ఆరోగ్యం విషయంలో, ఆఫ్రికాలోని చాలా దేశాలకు యెల్లో ఫీవర్ టీకా కావాలి. వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది. 2016 నుంచి అది జీవితాంతం పనికొస్తుంది. ఆ దేశాల నుంచి తిరిగొచ్చేటప్పుడు సర్టిఫికెట్ లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. బీపీ, షుగరు ఉన్నవారు ఆ మందులు అక్కడ ఏ పేరుతో, ఏ ధరకు దొరుకుతాయో ముందే కనుక్కోవాలి.

మనసు గురించి కూడా మాట్లాడుకోవాలి. ఇక్కడ పదిమంది అయ్యగారూ అని పలకరించే మనిషిని అక్కడ పొరుగింటివారు పేరుతో కూడా పిలవరు. అమ్మగారికి తోడు ఉండదు. పిల్లలు కొత్త బడిలో మాట రాక మూగబోతారు. ఇలాంటప్పుడు ‘ప్రార్థన తగ్గింది’ అని తీర్పు చెప్పేవారు కాకుండా, చెప్పింది గుట్టుగా ఉంచి వినేవారు కమిటీలో ఉండాలి.

తల్లిదండ్రుల సంగతి ముందే తేల్చాలి. ఒక్కడే కొడుకైతే ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి ఎవరన్నది పేరుతో సహా రాసుకోవాలి. పిల్లలు పై చదువుకు వచ్చే వయసు, మొదటి సెలవు వచ్చే సంవత్సరం ఒకదానికొకటి సరిపోతాయేమో చూసుకోవాలి.

చివరిది తిరిగి రావడం. నోబుల్‌లా అక్కడే మట్టి కావడం అందరికీ ఆదర్శం కానక్కర్లేదు. వీసా అయిదేళ్లకే తీరవచ్చు, ఆరోగ్యం అంతకంటే ముందే తీరవచ్చు. తిరిగొచ్చిన కుటుంబానికి ఉండటానికి ఇల్లు, చేయడానికి పని, పిల్లలకు బడి కావాలి. తిరిగి రావడాన్ని ఓటమిగా చూసే సంఘం తన మిషనరీ చేత అబద్ధపు నివేదికలు రాయిస్తుంది.

మనిషిని పిలిచింది దేవుడని సంఘం నమ్మవచ్చు. ఆ మనిషి టికెట్టు మీద, అద్దె మీద, బీమా మీద సంతకం పెట్టాల్సింది మాత్రం సంఘమే. కాబట్టి పెద్దలకు ఒక మనవి. చేతులుంచి ప్రార్థించి పంపేముందు అయిదు ప్రశ్నలకు రాతలో జవాబు తీసుకోండి. పిలిచింది ఎవరు? వీసాలో రాసిన పని, చేయబోయే పని ఒకటేనా? రెండేళ్ల ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది? ఇక్కడున్న పెద్దవాళ్లను చూసేది ఎవరు? తిరిగి రావాల్సి వస్తే దారి ఏమిటి? అయిదింటికీ జవాబు దొరికితే పంపండి. దొరక్కపోతే ఒక ఏడాది ఆగండి. ఆ ఏడాదిలో వెళ్లేవారు భాష నేర్చుకుంటారు, పంపేవారు డబ్బు కూడబెడతారు.